చిన్న గదిలో రెండు స్పీకర్లు

సంగీతమునందలి అభిమానముచేత మంచి స్పీకర్లను కొనదలచినవారు వాని వెలను, తయారీదారుల ప్రతిష్ఠను, వాట్ల సంఖ్యను గూర్చి నెలల తరబడి విచారింతురు గాని, అవి ఇంటికి చేరిన పిమ్మట ఏ గోడకు, ఎంత దూరమున, ఎంత ఎత్తున నిలుపవలెనను విషయమున అరగంటయైనను ఆలోచింపరు. టీవీకి ప్రక్కగా ఒకటియు, బీరువాపైన మరియొకటియు ఉంచి, లేదా గోడయరలో రెండింటిని జోడుగా ఇరికించి, తాము ఎదుటి గోడకు చేరవేసిన దివాను మంచముపై కూర్చుండి వినుట మన ఇండ్లలో సర్వసాధారణముగా కనబడు పద్ధతి. విశాలమైన మందిరములో ఈ ఉపేక్షవలన కలుగు నష్టము కొద్దిపాటిదే. చిన్న గదిలో మాత్రము అది సంగీతస్వరూపమునే మార్చివేయును. ఏలయన చిన్న గదిలో మంద్రస్వరముల మేరకు స్పీకరు ప్రేరకము మాత్రమే, పలుకునది గది. ఈ సత్యమును ఆధారముగా గైకొని, శాస్త్రజ్ఞులును, రికార్డింగు నిపుణులును, రసికులును ఈ ప్రశ్నపై వెలిబుచ్చిన భిన్నాభిప్రాయములను ఇట పరిశీలింతును. ఉదాహరణమునకై మన నగరములలోని అపార్టుమెంట్లలో తరచుగా కనబడు గదినే, అనగా 10 అడుగుల వెడల్పును, 12 అడుగుల పొడవును, 10 అడుగుల ఎత్తును గల గదిని గైకొందును.

రెండు స్పీకర్లే ఏల యను ప్రశ్నకు చరిత్రయే సమాధానము చెప్పవలెను. 1931 డిసెంబరులో ఇంగ్లండునందలి ఇ.ఎం.ఐ. సంస్థలో పనిచేయుచుండిన అలన్ బ్లమ్లైన్ అను యువ ఇంజనీరు, రెండు మైక్రోఫోనులతో గ్రహించిన శబ్దమును రెండు స్పీకర్లద్వారా వినిపించినచో దానికి దిశయు, స్థానమును కలుగునని ప్రతిపాదించి పేటెంటునకు దరఖాస్తు చేసెను. 1934 జనవరిలో లండను నగరపు ఆబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ తన వాద్యబృందముచేత మోజార్టు సింఫనీని సాధన చేయించుచుండగా దానిని ఆ పద్ధతిలో రికార్డు చేసిరి. ఇంచుమించు ఆ కాలముననే, 1933 ఏప్రిల్ 27న, అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు ఫిలడెల్ఫియాలో వాయించుచున్న వాద్యబృందమును మూడు పాయలుగా గ్రహించి, తీగెలద్వారా వాషింగ్టనుకు పంపి, అచటి సభామందిరమున మూడు స్పీకర్లతో వినిపించిరి. బెల్‌వారి దృష్టి వేలమంది కూర్చుండు మందిరముపై నుండుటచేత నడుమ మూడవ స్పీకరు వారికి ముఖ్యమని తోచినది. కాని 1958 ప్రాంతమున స్టీరియో గ్రామఫోను రికార్డు బజారునకు వచ్చినప్పుడు, రికార్డు గాడికి రెండే గోడలుండుటచేత, రెండు పాయలే లోకమున నిలిచినవి. 1942లో రాడారు పరీక్షావిమానము కూలి ముప్పదియెనిమిదేండ్లకే మరణించిన బ్లమ్లైన్ తన ఆలోచన ఇంటింటికి చేరుట చూడకయే పోయెను.

ఈ చరిత్రనుండి ఒక పరిణామము తప్పక గ్రహింపవలసియున్నది. నడుమ స్పీకరు లేదు గనుక నడుమ నిలిచి పాడు గాయకుని మన చెవులే సృష్టించుకొనవలెను. శ్రోత రెండు స్పీకర్లకును సమదూరమున నున్నప్పుడే ఆ సృష్టి సంపూర్ణమగును. కావున స్థాననిర్ణయము గృహాలంకారమునకు చెందిన విషయము గాదు, ఆ ఆవిష్కరణములోనే ఒక భాగము. భౌతికశాస్త్రజ్ఞుడైన లార్డ్ రేలీ 1907లో వివరించిన ప్రకారము, మంద్రస్వరముల దిశను మనము రెండు చెవులకు అవి చేరు కాలభేదమువలనను, తారస్వరముల దిశను శిరస్సు అడ్డుపడుటచేత కలుగు బలభేదమువలనను తెలిసికొనుచున్నాము. శబ్దము సరిగా ఒక ప్రక్కనుండి వచ్చినపుడు సైతము ఆ కాలభేదము మిల్లీసెకనులో మూడింట రెండు వంతులు మాత్రమే. ఇంతటి సూక్ష్మమైన యంత్రమునకు అంగుళములు సైతము లెక్కలోనివే.

రెండు స్పీకర్లును, శ్రోతయొక్క శిరస్సును సమబాహు త్రిభుజముగా నుండవలెనను సూత్రము ఇందుండియే పుట్టినది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘమువారి ప్రమాణములును శ్రోతకు ఇరువైపుల ముప్పదేసి డిగ్రీల కోణమునే విధించుచున్నవి. స్పీకర్లు మరీ ఎడమైనచో నడుమ శూన్యమేర్పడి గాయకుడు నిలువజాలడు. మరీ చేరువైనచో వాద్యములన్నియు ఒక చోట గుమిగూడును. మన గదిలో ఆరడుగుల ఎడము యుక్తమైనది. అట్టి త్రిభుజములో శ్రోత అరడుగు ప్రక్కకు జరిగినచో రెండు స్పీకర్ల దూరములకును ఇంచుమించు అరడుగే భేదమేర్పడును, అది 0.44 మిల్లీసెకను, అనగా చెవి యంత్రముయొక్క పూర్తి పరిధిలో మూడింట రెండు వంతులు. నడుమనున్న గాయకుడు వెంటనే దగ్గరి స్పీకరువైపునకు తరలిపోవుటకు ఇదియే హేతువు. ఇద్దరు ముగ్గురు కలిసి వినవలసిన ఇంటిలో, స్పీకర్ల ముఖములనుండి సూటిగా పోవు గీతలు శ్రోతకు కొంచెము ముందే ఒకదానినొకటి ఖండించునట్లు లోనికి త్రిప్పుట మంచిది. అప్పుడు ప్రక్కకు జరిగినవానికి దూరపు స్పీకరు ఎదురై బిగ్గరగాను, దగ్గరి స్పీకరు ఓరగానై మందముగాను వినబడి లోపము కొంత సవరింపబడును. ఏ మేరకు త్రిప్పవలెనను విషయమున మాత్రము ప్రతి స్పీకరు స్వభావము వేరు, చెవియే ప్రమాణము.

ఇక గది విషయము. ఎదురెదురు గోడల నడుమ పోవుచు వచ్చుచున్న తరంగము, ఆ గోడల దూరము తన దైర్ఘ్యములో సరిగా సగమైనపుడు, స్థిరతరంగముగా నిలిచిపోవును. 25 డిగ్రీల వేడిమిలో ధ్వని సెకనుకు సుమారు 346 మీటర్లు పోవును గనుక మన గది పొడవు 47 హెర్ట్జుల చెంతను, వెడల్పు 57 హెర్ట్జుల చెంతను మొదటి అనునాదము నిచ్చును; వాని ఇబ్బడులు 95, 113. ఎత్తును పది అడుగులే యగుటచేత 57 వద్దను, 113 వద్దను రెండేసి అనునాదములు ఒకదానిపై నొకటి పడును. గది 10 అడుగుల ఘనమైనచో మూడును ఒకే చోట పడును. అంతకన్న చెడ్డ గది సంగీతమునకు లేదు. 95కును 113కును సమీపముననే పురుషకంఠముయొక్క క్రింది స్థాయి యుండుట గమనింపదగినది. వార్తలు చదువువాని గొంతు కొన్ని ఇండ్లలో కుండలోనుండి వచ్చినట్లు మ్రోగుటకు కారణమిదియే గాని స్పీకరు దోషము గాదు.

బాల్యమున విశాఖపట్టణములో చదువుకొన్న సి. వి. రామన్, 1920లో సహచరునితో గూడి ప్రకటించిన పరిశోధనలో, సామాన్యమైన చర్మవాద్యముల అనునాదములకు పరస్పర సంవాదము లేకుండగా, మన మృదంగముయొక్క కుడి మూతపై నుండు నల్లని పూతవలన ఆ అనునాదములు స్వరసంగతికి వచ్చుచున్నవని నిరూపించెను. మృదంగమునకు తరతరముల శిల్పులు చేసిన ఆ సంస్కారమును గదికి ఏ మేస్త్రీయు చేయలేదు. దాని అనునాదములు మనము వినుచున్న రాగముతోను, శ్రుతితోను నిమిత్తము లేక, ఒక స్వరమును ఉబ్బించి, దాని ప్రక్క స్వరమును మ్రింగివేయును. మృదంగపు ఎడమ మూతనుండి జారి వచ్చు గుమికీలో ఆదియందు గాంభీర్యము వినబడి, మధ్యలో నాదము లుప్తమై, చివర మరల మ్రోగుట విన్నవారు ఈ సంగతిని లెక్కలు లేకయే గ్రహింపగలరు.

స్థిరతరంగమునకు గోడలయొద్ద ఒత్తిడి గరిష్ఠము. మొదటి అనునాదమునకు నట్టనడుమ ఒత్తిడి ఇంచుమించు శూన్యము. కావున వెనుక గోడకు తల ఆనించి కూర్చున్నవానికి మంద్రము వరదవలె పొంగుటయు, గది మధ్యమున కుర్చీ వేసికొన్నవానికి అదియే ఎండిపోవుటయు సహజము. ఒక గోడనుండి గది పొడవులో 38 శాతము దూరమున కూర్చుండవలెనను సూత్రము స్టూడియో నిర్మాతలలో ప్రసిద్ధమై యున్నది. దానిని శాసనముగా గాక ఆరంభస్థానముగా గైకొనుట యుక్తము. మన గదిలో అది వెనుక గోడకు నాలుగున్నర అడుగులు. అచటినుండి కుర్చీని నాలుగేసి అంగుళములు ముందుకు వెనుకకు జరుపుచు విన్నచో కలుగు భేదము, యాంప్లిఫయరును మార్చినందువలన కలుగు భేదమునకన్న అనేక రెట్లు అధికమని నా దృఢవిశ్వాసము.

మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ అను జర్మన్ శాస్త్రజ్ఞుని సూత్రము ననుసరించి లెక్కించినచో, ఇట్టి గదిలో సుమారు 200 హెర్ట్జులకు దిగువనెల్ల అనునాదముల యేలుబడియే. దానికి ఎగువను మాత్రమే స్పీకరు స్వభావము ప్రధానమగును. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉపన్యాసశాలను పరిశీలించి వాలెస్ సేబిన్ పందొమ్మిదవ శతాబ్ది చివర నెలకొల్పిన ప్రతిధ్వనికాల సిద్ధాంతము పెద్ద మందిరములకు దీపమైనను, చిన్న గదికి అంతగా ఉపకరింపకపోవుట అందువలననే.

స్పీకరును వెనుక గోడనుండి ఎంత ముందునకు జరుపవలెనను ప్రశ్నపై రసికులలో తీవ్రమైన అభిప్రాయభేదము కలదు. స్పీకరునుండి వెనుకకు పోయిన మంద్రధ్వని గోడను తాకి మరలి వచ్చినపుడు, ఆ దూరము తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతైన చోట, అది ముందునకు పోవు ధ్వనికి ఎదురై దానిని రద్దుచేయును. రెండడుగుల దూరమునకు ఆ లోపము 142 హెర్ట్జుల చెంతను, ఒక అడుగునకు 284 చెంతను పడును. ప్రక్క గోడకును, నేలకును ఇదే న్యాయము వర్తించును. స్పీకర్ల రూపకర్తయైన రాయ్ ఆలిసన్ 1974లో ఈ విషయమును విపులముగా చర్చించి, మంద్రమును పలికించు వూఫరునుండి మూడు తలములకును దూరములు సమానముగా నుండరాదని హెచ్చరించెను. మన గదిలో ఆరడుగుల ఎడముతో నిలిపిన స్పీకర్లకు ప్రక్క గోడ రెండడుగులు; వెనుక గోడకును రెండడుగులు విడిచి, రెండడుగుల ఎత్తు స్టాండుపై నుంచినచో మూడు లోపములును ఒకే స్థానమున చేరి, స్వరమునకు ఆయువుపట్టైన భాగముననే గొయ్యి పడును. చూపులకు ఎంతో పొందికగా కనబడు ఈ అమరిక వినికిడికి మిక్కిలి హానికరము.

విశాలమైన గదులు గల పాశ్చాత్య రసికులు స్పీకర్లను గోడనుండి ఐదారడుగులు ముందునకు లాగుమని బోధింతురు. వారి గదులకది చెల్లును. పన్నెండడుగుల గదిలో అట్లు చేసినచో శ్రోతకు చోటే మిగులదు. కావున చిన్న గదిలో స్పీకరును గోడకు సమీపముననే, ముఖము గోడకు అడుగు దూరములో నుండునట్లు నిలిపి, దాని వెనుక ధ్వనిని మ్రింగు రాక్‌వూల్ పలకను, నాలుగంగుళముల మందముగలదానిని, చేర్చి, శ్రోత ముందు గోడకు ఏడుంబావు అడుగుల దూరమున కూర్చుండుట నా నిర్ణయము. త్రిభుజము అప్పుడు కొంచెము పొడుగై, కోణము అరువదినుండి యాబదియొక డిగ్రీల చాయకు తగ్గును. ఆ నష్టము స్వల్పము, శిరస్సు గది నట్టనడుమనుండి తప్పుకొనుటవలని లాభము అధికము. గోడ సమీపమువలన మంద్రము బలపడును గనుక స్వతస్సిద్ధముగా మంద్రము తక్కువగల చిన్న స్పీకర్లే ఇచట శోభించును. బీబీసీవారు 1970లలో ప్రసార వాహనములలోని ఇరుకు చోటుకై రూపొందించిన ఎల్‌ఎస్ 3/5ఎ అను మూతపెట్టె నేటికిని ఆదరింపబడుటకు గల కారణములలో ఇదియొకటి. గాలిగొట్టము గల పెద్ద పెట్టెలు ఆ గొట్టమువలన మంద్రమును బలపరచునవి యగుటచేత, గదియొక్క అనునాదములతో జతకట్టి రొద చేయును. అట్టివి కొనియున్నవారు ఆ గొట్టములో స్పాంజి ముక్కను దోపి చూడవచ్చును.

పొడుగు గోడయా, పొట్టి గోడయా యను వివాదమును క్లుప్తముగా ముగింపవచ్చును. సమబాహు త్రిభుజమును పొట్టి గోడకు అమర్చినపుడు ప్రక్క గోడనుండి వచ్చు ప్రతిఫలనము సూటిధ్వనికి రెండున్నర మిల్లీసెకన్లలోపే చెవి చేరును. పొడుగు గోడకు అమర్చినపుడు అది నాలుగు మిల్లీసెకన్ల వరకు ఆలస్యమగును. ఈ లాభమునకు ప్రతిగా వెనుక గోడ శిరస్సునకు చేరువగును. నాకు పొట్టి గోడయే ఇష్టము. అన్నిటికన్న ముఖ్యమైనది ఎడమకుడుల సమత్వము: ఒకవైపు గోడయు, మరియొకవైపు తెరచిన తలుపును ఉన్నచో వాద్యములు గోడవైపునకు ఒరగును. రెండు స్పీకర్లును గది వెడల్పులో సమముగా నున్నపుడు, రెండింటను ఒకటిగానే వచ్చు మంద్రము వెడల్పునకు సంబంధించిన మొదటి అనునాదమును రేపజాలదు. మన గదిలో 57 వద్ద జంటగా నిలిచిన శత్రువులలో ఒకటి ఈ విధముగా, ఒక్క రూపాయి వ్యయము లేక, తొలగిపోవును.

ఎత్తు విషయమున, తారస్వరములను పలికించు ట్వీటరు చెవికి సమముగా నుండవలెనని అందరును ఏకీభవింతురు. కాని కుర్చీలో కూర్చున్నవాని చెవి మూడడుగులకు పైగా నుండగా, చాపపై బాసిపట్లు వేసికొని కూర్చున్నవాని చెవి రెండున్నర అడుగుల చాయలోనే యుండును. కచేరీని చాపపై కూర్చుండి వినుట అలవాటైనవారు విదేశపు కొలతలతో అమ్మబడు స్టాండ్లను కొనక, తమ కొలతకు వడ్రంగిచేత చేయించుకొనుటయో, స్పీకరును కొంచెము క్రిందికి వంచుటయో చేయవలెను. స్టీలు బీరువాపైన మాత్రము ఎన్నడును ఉంచరాదు. దాని రేకు ప్రతి మృదంగపు దెబ్బకును తోడు మ్రోగును.

గదిలో మెత్తదనమెంత యుండవలెనను ప్రశ్నయే ఈ శాస్త్రమున మిక్కిలి వాదగ్రస్తమైనది. మన ఇండ్లలో సిమెంటు పూత గోడలు, కాంక్రీటు స్లాబు, నున్నని టైల్సు లేక గ్రానైటు నేల – అన్నియు కఠినములే. ఖాళీ గదిలో చప్పట్లు కొట్టినచో గోడల నడుమ చిటచిటలాడు ప్రతిధ్వని వినబడును. 1970ల చివరనుండి ధ్వనినిపుణుడైన డాన్ డేవిస్ ప్రభృతులు స్టూడియోలలో స్పీకర్లవైపు సగమును పూర్తిగా మెత్తబరచి, శ్రోత వెనుక సగమును సజీవముగా విడువవలెనని ప్రచారము చేసిరి. కెనడా జాతీయ పరిశోధనా మండలిలో పెక్కేండ్లు శ్రవణపరీక్షలు సాగించిన ఫ్లాయిడ్ టూల్ ఇందుకు భిన్నముగా, అన్ని దిశలకును సమస్వభావముగల ధ్వనిని ప్రసరించు స్పీకరైనచో ప్రక్క గోడల ప్రతిఫలనము శ్రోతలకు హానిచేయక, తరచుగా విశాలతను ప్రసాదించునని వాదించెను. ఆయన పక్షమున ఒక బలమైన హేతువు కలదు: నడుమ నిలిచిన గాయకుని ధ్వని రెండు స్పీకర్లనుండియు వచ్చుటచేత, దూరపు స్పీకరు శబ్దము ప్రతి చెవికిని పావు మిల్లీసెకను ఆలస్యముగా చేరి 2000 హెర్ట్జుల చెంత కొంత లోపము కలిగించును, గోడల ప్రతిఫలనము ఆ లోపమును పూడ్చును. 1949లో హెల్ముట్ హాస్ అను శాస్త్రజ్ఞుడు చూపినట్లు, సుమారు ముప్పది మిల్లీసెకన్లలోపు వచ్చు ప్రతిఫలనమును చెవి వేరుగా వినక సూటిధ్వనిలోనే చేర్చుకొనును. నా అభిప్రాయమున ఇంటిలో వినువారికి టూల్ మార్గము మేలు. రికార్డింగు కూర్పుపని చేయువారికి మాత్రము డేవిస్ మార్గము అవసరము కావచ్చును. అయినను రెండున్నర మిల్లీసెకన్ల ప్రతిఫలనము మిక్కిలి త్వరితమైనది గనుక, ప్రక్క గోడలయందు పుస్తకముల అలమరలుంచి దానిని చెదరగొట్టుట రెండు పక్షములకును అంగీకారమైన మార్గము.

పలుచని పరదాలను, అంగుళము మందముగల స్పాంజి పలకలను గోడలనిండ అంటించుట మాత్రము పెద్ద పొరపాటు. 1000 హెర్ట్జుల తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతు మూడున్నర అంగుళములు కాగా, 47 హెర్ట్జులకు ఆ నాలుగవ వంతు ఆరడుగులు. కావున అట్టి పలకలు తారమును మాత్రమే మ్రింగి, మంద్రపు రొదను ఉన్నదున్నట్లు విడిచి, సంగీతమును ఏకకాలమున నిర్జీవముగాను, బరువుగాను చేయును. కోడిగ్రుడ్ల అట్టలను గూర్చిన నమ్మకమునకు ఆధారమే లేదు. మంద్రమును లొంగదీయుటకు మందము కావలెను: మూలలయందు నేలనుండి పైకప్పువరకు రాక్‌వూల్ పేర్చుట ఉత్తమము, అది వీలుకానివారు మూలయందు దూది పరుపు చుట్టను నిలువుగా నిలిపినను కొంత గుణము కనబడును. స్పీకర్లకును శ్రోతకును నడుమ నేలపై మందమైన తివాచీ తప్పక యుండదగినది.

కంప్యూటరుతో గదిని కొలిచి, స్వరముల హెచ్చుతగ్గులను సవరించు పద్ధతి నేడు సామాన్యులకును అందుబాటులోనికి వచ్చినది. రూమ్ ఇక్యూ విజార్డ్ అను సాఫ్ట్‌వేరు ఉచితముగా లభించుచున్నది. కొలత మైక్రోఫోను ఒకటి చాలును. అనునాదమువలన ఉబ్బిన స్వరమును తగ్గించుటలో ఈ సాధనము మిక్కిలి సమర్థము. లోపించిన స్వరమును పెంచుటలో మాత్రము అసమర్థము: రద్దగుచున్న చోట ఎంత శక్తిని పోసినను రద్దగు భాగము అంతే పెరుగును, వూఫరు వృథాగా శ్రమపడును. కావున స్థాననిర్ణయము ముగిసిన పిమ్మటనే దీనిని ఆశ్రయింపవలెను. మంద్రమునకై ప్రత్యేకించిన సబ్‌వూఫరును చేర్చదలచినవారు దానిని శ్రోత కూర్చుండు చోట తాత్కాలికముగా ఉంచి మ్రోగించి, తాము గోడల వెంట వంగి తిరుగుచు మంద్రము ఎచట సమముగా వినబడునో కనుగొని, అచట దానిని స్థిరపరుపవలెను. ఒక పెద్దదానికన్న రెండు చిన్నవానిని ఎదురెదురు గోడల నడుమలయందు ఉంచుట మేలని టాడ్ వెల్టీ అను ధ్వనిశాస్త్రజ్ఞుని పరిశోధనములు తెలుపుచున్నవి.

అమరిక సరియైనదో కాదో పరీక్షించుటకు తెలుగువారికి ఖరీదులేని ఉత్తమసాధనమొకటి కలదు. ఘంటసాల పాడిన సినిమా పాటలలో అధికభాగము ఒకే పాయ రికార్డులు. వానిని రెండు స్పీకర్లలో సమముగా మ్రోగించినపుడు ఆయన కంఠము ఆ నడుమ ఖాళీలో, జానెడు వెడల్పులో, కదలక నిలువవలెను. అది ఒక ప్రక్కకు ఒరిగినచో దూరములలోనో, ప్రక్క గోడలలోనో సమత్వము తప్పినది. స్థానము తెలియక గదియంతట వ్యాపించి, మంద్రము కృశించినచో ఒక స్పీకరు వెనుక ఎరుపు, నలుపు తీగెలు తారుమారైనవి. ఈ రెండవ తప్పు నేను చూచిన ఇండ్లలో ఆశ్చర్యకరమైనంత తరచుగా కనబడినది. తరువాత సభాక్రమమును నిలిపిన స్టీరియో కచేరీ రికార్డును వినవలెను: సాధారణముగా మృదంగము శ్రోత ఎడమవైపునను, వాయులీనము కుడివైపునను, గాయకుడు నడుమను స్పష్టముగా వేరుపడి, మూడును స్పీకరు పెట్టెలనుండి గాక వాని వెనుకనున్న చోటునుండి వచ్చుచున్నట్లు తోచవలెను.

ఈ స్థాననిర్ణయమునకు కావలసినది కొలత టేపును, సుద్దముక్కయు, సహాయమునకు ఇంటిలోని మరియొకరును మాత్రమే. సంగీతప్రియులు క్రొత్త స్పీకర్ల వెలను విచారించుటకు ముందు ఒక సెలవుదినమును ఈ పనికి వినియోగించి, ఉన్న స్పీకర్లను కదిపి, కూర్చుండు చోటును కదిపి, వినుచు గుర్తులు పెట్టుకొనవలసినదిగా కోరుచున్నాను. ఆ పిమ్మటను క్రొత్తవి అవసరమని తోచినచో అప్పుడు కొనవచ్చును.